మేనల్లుడి కాలిలో మిగిలిన స్క్రూ ముక్క

మేనల్లుడి కాలిలోని టైటానియం ప్లేటును ఈరోజు విజయనగరంలో తీయించాము. గంటలో ముగుస్తుందనుకున్న ఆపరేషన్ మధ్యాహ్నం దాటేదాకా సాగడంతో మా అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండేళ్ల కిందట సైకిల్ మీది నుంచి పడి మోకాలి కింది పెద్ద ఎముక విరిగినప్పుడు వేసిన ప్లేటు అది. ఎముక చక్కగా అతుక్కున్నా, అక్కడ చర్మం కింద కండ పలచన కాబట్టి దాని అంచు చేతికి తగిలేది, బూటు ఒరుసుకుంటే నొప్పి పుట్టేది.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిన సంగతి, ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పని నేర్పే నాకు వెంటనే అర్థమైంది. ఈ రకం ప్లేట్లలో స్క్రూ తలకు కూడా మర ఉండి, అది ప్లేటు రంధ్రంలోని మరలోకి బిగుస్తుంది; వేసేటప్పుడు కాస్త వంకరగా ఎక్కినా, మోతాదు మించి బిగించినా రెండూ కరుచుకుపోతాయి. దానికి తోడు ఎదిగే పిల్లల్లో ఎముక ప్లేటు అంచుల మీదికి పెరుగుతుంది, టైటానియాన్ని గట్టిగా పట్టుకుంటుంది కూడా. మిగతావన్నీ వచ్చినా, ఒక స్క్రూ తలలోని ఆరు పలకల గుంట అరిగి స్క్రూడ్రైవర్ జారిపోయిందట. అరిగిన స్క్రూను ఎడమవైపు తిప్పుతూ పట్టి ఊడదీసే ఎడమ మర ఎక్స్‌ట్రాక్టరుకూ లొంగకపోవడంతో, కార్బైడ్ డ్రిల్లుతో తలను తొలిచి, లోహపు పొడి కండలో నిలవకుండా కడుగుతూ ప్లేటును విడదీశారు. ఆ స్క్రూ కాడ మాత్రం ఎముకలోనే ఉండిపోయింది. దాన్ని తీయాలంటే గొట్టంలాంటి రంపంతో చుట్టూ ఎముకను కోయాలి, ఆ రంధ్రం దగ్గర కాలు మళ్లీ విరిగే ప్రమాదం పెరుగుతుంది కనుక వదిలేశామన్నారు. నాకూ అదే సబబనిపించింది.

నన్ను బాధించినది పాత ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం. ప్లేటు, స్క్రూలు వేశామన్న మాట తప్ప ఏ కంపెనీవి, ఏ సైజువి అన్నది అందులో లేదు. అందువల్ల సరిపోయే స్క్రూడ్రైవర్ ఏదో ముందుగా తెలియక రకరకాల సెట్లు తెప్పించుకోవలసి వచ్చింది. లేత్ మీద బుష్ లాంటి చిన్న గొట్టపు ముక్క చేయించినా మేము జాబ్ కార్డు, అంటే ఆ పని వివరాల కాగితం, రాయిస్తామే!

సాయంత్రం మత్తు వదిలాక వాడు, “మావయ్యా, ఆర్మీ మెడికల్‌లో ఈ ముక్క కనిపిస్తుందా?” అని అడిగాడు. ఎక్స్‌రేలో కనిపించి తీరుతుందని ఉన్నమాటే చెప్పాను. స్క్రూల రంధ్రాలు పూడేదాకా, అంటే మూడు నాలుగు నెలలు, అయ్యకోనేరు గట్టు మీద పరుగులు, కబడ్డీ బంద్. మిగిలిన ముక్క ఎక్కడుందో ఈసారి డిశ్చార్జి కాగితంలో రాసి, నేటి ఎక్స్‌రే జతచేసి ఇవ్వమని అడిగాను, రేపు ఇస్తామన్నారు.