వల వేరు, వలపు వేరు

పత్రికల్లో ‘వలపు వల’ అన్న మాట కనిపించినప్పుడల్లా నా చూపు వార్తను వదిలేసి ఆ రెండు పదాల మీదే నిలిచిపోతుంది. ప్రేమ నటించి మనిషిని బుట్టలో వేసుకునే మోసానికి ఇంతకంటే చక్కగా అమరిన పేరు నాకు తట్టదు. మనసులను పట్టేది కనుక వల నుంచే వలపు పుట్టిందని చాలాకాలం నమ్మాను. కానీ వలపు, వలచు అన్నవి ‘కోరు’ అనే అర్థమున్న ‘వలయు’ కుటుంబానికి చెందిన మాటలు. ‘కావలసిన’, ‘వలసినంత’ అని మనం రోజూ పలికేది ఆ ధాతువునే.

వలకు అసలు చుట్టాలు ఇరుగుపొరుగు భాషల్లో ఉన్నారు. తమిళంలో అది వలై, మలయాళంలో మనలాగే వల, కన్నడంలో బలె. మన వేరు అక్కడ బేరు, మన వెన్న బెణ్ణె అయినట్లే ఈ వకారమూ బకారమైంది. సంస్కృతం నుంచి వచ్చిన జాలం కూడా వలే. జాలరిలోనూ, నేటి అంతర్జాలంలోనూ ఉన్నది అదే. ఇంద్రజాలం అనగానే మనకు గారడీ గుర్తుకు వస్తుంది గాని, అథర్వవేదం 8వ కాండలో అంతరిక్షమే శత్రుసేనల మీద ఇంద్రుడు పరచిన వల, దిక్కులు దానికి గుంజలు. ఆ ఊహ ముందు నేటి గారడీ అర్థం నాకు చాలా చిన్నదిగా తోస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం వలతో జతకట్టే క్రియ. వల వేస్తాం, విసురుతాం. అయితే ముందే ఆలోచించి, చోటు చూసి, ఎదుటివాడి కంట పడకుండా అమర్చినప్పుడు ‘పన్నుతాం’. తమిళంలో ‘చేయు’ అనే సాధారణార్థంలో నిలిచిన పణ్ణు దీనికి తోబుట్టువు. మన భాషలో అది వ్యూహానికీ కుట్రకూ పరిమితమై, పన్నుగడ, పన్నాగం అనే మాటలకు జన్మనిచ్చింది. పన్నాగాన్ని పామును సూచించే పన్నగంతో ముడిపెట్టడం వినడానికి బాగుంటుంది గాని సరికాదు.

ఇక పట్టుబడటానికి మనం వాడే ‘చిక్కు’ అన్న మాటలో వల పనితనమంతా ఉంది. వలకన్నులో చేప తల దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి రాబోతే దారం మొప్పల కింద తగులుకుంటుంది, గింజుకున్నకొద్దీ పక్క కన్నులు కూడా చుట్టుకుంటాయి. దారాల ఆ పెనవేతా చిక్కే, చేప దొరకడమూ చిక్కడమే. కన్నడంలో సిక్కు అంటే దొరకడమూ, చిక్కుముడీ కూడా; తమిళంలో సిక్కల్ అంటే చిక్కుముడి, ఇబ్బంది. కన్నడంలాగే తెలుగు కూడా దొరకడం, పెనవేత అనే రెండర్థాలనూ ఒక్క మాటలోనే ఉంచుకుంది.