ఫులే వెనక తెలుగువాళ్లు, మా అమ్మ వెనక మా బాయి

జోతీరావు, సావిత్రీబాయి ఫులే దంపతుల గురించి మహారాష్ట్రలో ఏ బడిపిల్లను అడిగినా చెప్తుంది. వాళ్ల వెంట నిలబడ్డ తెలుగువాళ్ల సంగతి మాకు చెప్పింది మాత్రం తెలంగాణ సరిహద్దు ఊరు ధర్మాబాద్‌లో మా మరాఠీ బాయి. టీచరమ్మను మేం బాయి అనే పిలిచేవాళ్లం.

1873 సెప్టెంబరు 24న పుణేలో జోతీరావు ఫులే సత్యశోధక్ సమాజ్ పెట్టారు. దేవుడికీ మనిషికీ నడుమ దళారీ అక్కర్లేదని, పురోహితుడు లేకుండానే పెళ్లి చేసుకోవచ్చని ఆ సమాజం చెప్పింది. ముంబయిలో కట్టడాల కాంట్రాక్టులతో పైకొచ్చిన తెలుగువాళ్లు దానికి అండగా నిలిచారు. వ్యంకు కాళేవార్, జయా కరాడి లింగు అనే పేర్లు బాయి బోర్డు మీద రాస్తే క్లాసులో సగం మంది తలెత్తి చూశాం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే మాకు ఆ రోజు ఫులే మావాడయ్యాడు.

మాది బీడీలు చుట్టే ఇల్లు. ఏడో తరగతి కాగానే నన్ను బడి మాన్పిస్తారని తెలిసి, బాయి ఓ సాయంత్రం మా ఇంటికొచ్చి చాట పక్కనే కూర్చుంది.

“ఆడపిల్లకు ఇంకెంత చదువు బాయీ?” అంది అమ్మ, చేతిలో ఆకు వదలకుండానే.

“సావిత్రీబాయి పెళ్లయినాకే అక్షరాలు నేర్చింది. 1848లో ఆడపిల్లలకు బడి నడిపింది. దారిలో జనం పేడ కొడితే, బడికి పోయి ఇంకో చీర కట్టుకొని పాఠం చెప్పేది. నువ్వు కూడా రా అక్కా, పొద్దుగూకినాక చెప్తా.”

నన్ను మాన్పించలేదు. అమ్మ నిజంగానే వెళ్లింది. ముందు అంకెలు, తర్వాత పేరు. కొన్నాళ్లకు కార్ఖానాలో బీడీల లెక్క రాసిన చిట్టీ చదివి, “నాలుగు కట్టలు తీసేసి ఆరని రాసినవేంది సేట్?” అని అడిగింది. అందరిముందూ దిద్దించింది. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ చిట్టీలు పట్టుకొని మా ఇంటికి రావడం అప్పుడే మొదలైంది.

చదువు లేక బుద్ధి, బుద్ధి లేక నీతి, అలా చివరికి సొమ్మూ పోయి శూద్రులు చితికిపోయారని ఫులే 1883లో ‘శేత్కర్యాచా అసూడ్’ (రైతు కొరడా) అనే పుస్తకంలో రాశారు. అది పరీక్షకు బట్టీపట్టే మాట కాదని నాకు తెలిసింది ఆ చిట్టీ దగ్గరే.

మన బడి గోడ మీద జోతీబా, సావిత్రీబాయి పటాలున్నాయి. వాటి కింద ఆ ఇద్దరు తెలుగువాళ్ల పేర్లు కూడా మరాఠీలో, తెలుగులో రాయించాలని మన సంఘాన్ని కోరుతున్నాను. ఖర్చు నేను పెట్టుకుంటాను.