ఈఎల్ఎం 327తో ముఖాముఖి: సీరియల్ పోర్టు మీద కారును పలకరించిన నా అనుభవం

డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే కారణమేమిటో కోడు రూపంలో చూపించే యాప్‌లకు కొదవ లేదు. నాకు మాత్రం ఆ యాప్ వెనక కారుతో ఏం మాటలు నడుస్తున్నాయో చూడాలనిపించింది. అందుకే యాప్‌ను పక్కన పెట్టి, ఒక యూఎస్‌బీ అడాప్టర్, ఒక సీరియల్ టెర్మినల్‌తో పని మొదలుపెట్టాను.

స్టీరింగ్ కింది పదహారు పిన్నుల ఓబీడీ (కారు తన లోపాలను తనే చెప్పుకునే ఏర్పాటు) సాకెట్‌లో గుచ్చే ఈ అడాప్టర్‌కు గుండెకాయ ఈఎల్ఎం 327 అనే చిప్. నిజానికి అది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తన ప్రోగ్రాం ఎక్కించి అమ్మిన పిక్ మైక్రోకంట్రోలర్. కారు మాట్లాడే పద్ధతి (ప్రొటోకాల్) క్యాన్ అయినా, కె-లైన్ అయినా, పాతకాలపు జె1850 అయినా ఆ తంటా అంతా తనే పడి, మన వైపుకు మామూలు అక్షరాలు పంపుతుంది. ఒక్క మాటలో దుబాసీ. ఆ సంస్థ 2022లో మూతపడింది. నకళ్లు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

లినక్స్‌లో పోర్టు కనిపించింది కానీ తెరవడానికి అనుమతి లేదంది. నా యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ వస్తే ఆ గొడవ తీరింది. వేగం 38400 బాడ్ (సెకనుకు బిట్లు), ఎనిమిది డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. అసలు చిప్‌లో ఆరో పిన్ను స్థితిని బట్టి వేగం 9600 కూడా కావచ్చు. కాబట్టి తెర మీద పిచ్చి గుర్తులు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది వేగాన్నే.

చిప్‌ను రీసెట్ చేసే ‘ఏటీజెడ్’ కొట్టి ఎంటర్ నొక్కాను. కాసేపు మౌనం. తర్వాత ‘ఈఎల్ఎం327 వి1.5’ అనే వరుస, దాని కింద తర్వాతి ఆదేశానికి సిద్ధమని చెప్పే ఒక ‘>’ గుర్తు. ఆ వెర్షన్ చూసి నవ్వొచ్చింది. ఎల్మ్ సంస్థ 1.4 తర్వాత నేరుగా 2.0కి వెళ్లింది, 1.5 అన్నది ఆ సంస్థ ఎన్నడూ విడుదల చేయలేదు. అంటే నా చేతిలో ఉన్న నకలు పరిచయంలోనే తన గుట్టు తనే బయటపెట్టుకుంది. అయినా మామూలు పనులకు ఇది బాగానే సరిపోయింది. తెలియని ఆదేశమిస్తే తిరిగి ‘?’ అంటుంది, అంతే.

తర్వాత ‘ఏటీఆర్వీ’ అడిగితే 12.4 వోల్టులని చెప్పింది. ఈ ఆదేశం నాకు బాగా నచ్చింది. సాకెట్ పదహారో పిన్నులోని బ్యాటరీ వోల్టేజిని చిప్ తనే కొలిచి చెబుతుంది, కారు కంప్యూటర్‌తో దీనికి పని లేదు. ఇది పలికిందంటే వైరు, పోర్టు, వేగం అన్నీ సవ్యంగా ఉన్నట్టే. ఆ తర్వాత వచ్చే తిప్పలేవైనా కారు వైపువే.

చేత్తో టైపు చేసినంతసేపు అంతా సాఫీగా సాగింది. అదే పనిని పైథాన్ స్క్రిప్టుకు అప్పగించినప్పుడు అసలు సంగతులు బయటపడ్డాయి. ఆదేశం చివర చిప్ ఎదురుచూసేది క్యారేజ్ రిటర్న్ అనే వరుస ముగింపు గుర్తు కోసం, అంటే హెక్సాలో (పదహారు ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) 0డి. కొత్త వరుసకు దింపే లైన్‌ఫీడ్ గుర్తును అది లెక్కచేయదు. ఒక్క లైన్‌ఫీడ్ పంపి ఊరుకుంటే చిప్ ఇంకా ఏదో వస్తుందని సుమారు ఇరవై సెకన్లు చూసి, విసిగి ‘?’ అంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు సమయంతో వచ్చింది. ఆదేశం పంపి, అర సెకను ఆగి, వచ్చింది చదువుకునే పద్ధతి ఇక్కడ చెల్లదు. కారు ఏయే అంశాలు చెప్పగలదో తెలుసుకోవడానికి ‘0100’ అని మొదటిసారి అడిగినప్పుడు చిప్ ‘సెర్చింగ్...’ అంటూ ఒక్కో ప్రొటోకాల్‌నూ ప్రయత్నిస్తుంది, దానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. ఆ మధ్యలో మరో అక్షరం పంపితే చాలు, చేస్తున్న పని వదిలేసి ‘స్టాప్డ్’ అంటుంది. మరోపక్క, పాత జవాబును పూర్తిగా చదవకుండా కొత్త ప్రశ్న వేస్తే వరుస తప్పుతుంది: ఉష్ణోగ్రత అడిగిన చోట ఇంజిన్ వేగం దర్శనమిస్తుంది. వీటన్నిటికీ మందు ఆ ‘>’ గుర్తే. అది వచ్చేదాకా ఒక్కో బైటే చదవాలి, వచ్చాకే నోరు విప్పాలి. దారిలో సున్నా విలువ ఉన్న బైటు కనబడితే పారేయాలి. అలాంటివి అప్పుడప్పుడు దొర్లుతాయని చిప్ డేటాషీటే చెబుతుంది. ‘ఏటీఈ0’తో మన ఆదేశాన్ని మనకే తిప్పి చూపడం ఆపితే చదివే కోడు ఇంకా తేలికవుతుంది.

ఇక అసలు కబుర్లు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా దాని వేగం కోసం ‘010సి’ అడిగితే ‘41 0సి 0బి సి4’ వచ్చింది. 41 అంటే ఒకటో మోడ్‌కు (ఇప్పటి రీడింగులకు) జవాబు, 0సి నేను అడిగిన అంశం. చివరి రెండు బైట్లను పక్కపక్కన పెట్టి (0బిసి4) మామూలు అంకెల్లోకి మారిస్తే 3012, దాన్ని నాలుగుతో భాగిస్తే 753 ఆర్పీఎం. ‘0105’కు వచ్చిన 7బి అంటే 123. అందులోంచి 40 తీసేస్తే కూలెంట్ 83 డిగ్రీల సెల్సియస్. డాష్‌బోర్డు ముల్లు చూసి సరిపోల్చుకున్నాను. ‘010సి1’ అని చివర ఒకటి తగిలిస్తే, మరో జవాబు వస్తుందేమోనని కాచుకోకుండా ఒక్కటి రాగానే ‘>’ ఇచ్చేస్తుంది. వేగంగా చదవాలంటే ఈ కిటుకు తప్పనిసరి.

ఇక లైటు సంగతి. ‘ఏటీహెచ్1’తో హెడర్లు (జవాబు ఏ కంప్యూటర్‌దో చెప్పే గుర్తులు) కనిపించేలా చేసి, నమోదైన కోడులు చెప్పమనే ‘03’ అడిగాను. రెండు వరుసలు వచ్చాయి. ఒకటి ‘7ఈ8 04 43 01 01 33’, రెండోది ‘7ఈ9 02 43 00’. 7ఈ8 ఇంజిన్ కంప్యూటర్. 04 అన్నది తర్వాత వచ్చే పనికొచ్చే బైట్ల సంఖ్య. 43 తర్వాతి 01 అంటే ఒక కోడు ఉందని అర్థం, ఆ కోడు పి0133. మొదటి ఆక్సిజన్ సెన్సార్ మందకొడిగా స్పందిస్తోందన్నమాట. రెండో కంప్యూటర్‌కు ఏ ఫిర్యాదూ లేదు. ఇక్కడొక మెలిక ఉంది: ఈ లెక్క బైటు క్యాన్ కార్లలోనే వస్తుంది. పాత ప్రొటోకాళ్లలో 43 వెంటనే కోడే మొదలవుతుంది. ఇది తెలియని స్క్రిప్టు లేని రోగాన్ని అంటగడుతుంది.

కోడు చెరిపేసే ‘04’ జోలికి మాత్రం వెళ్లలేదు. అది కోడుతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌నూ (కోడు పడిన క్షణంలో దాచిన ఇంజిన్ రీడింగులను), కారు చేసుకున్న స్వీయపరీక్షల ఫలితాలనూ తుడిచేస్తుంది. పైగా ఖాళీ ఎంటర్ నొక్కితే చిప్ చివరి ఆదేశాన్నే మళ్లీ అమలు చేస్తుంది కాబట్టి, ‘04’ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం మేలు. దాని బదులు ‘020సి00’, ‘020500’ అడిగి, కోడు పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో చూశాను. 2000 ఆర్పీఎం, 85 డిగ్రీలు. అంటే బాగా వేడెక్కిన ఇంజిన్, చల్లని ఉదయం మొదటి స్టార్టు కాదు. కోడుతో పాటు ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టాను.