ఇంటి షెడ్డుకు పిల్లర్ డ్రిల్లు ఎంచుకున్న తీరు: నా అనుభవం

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో వెల్డింగ్ మెషిన్, గ్రైండర్, చెక్కపని సామాను అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నిటారుగా హోల్ వేసే మెషిన్. పల్చటి రేకుకైతే చేతి డ్రిల్లు చాలు. 10 ఎంఎం ప్లేటు దగ్గరికి వచ్చేసరికి ఎంత గట్టిగా పట్టుకున్నా ఏదో ఒక పక్కకు వాలిపోతుంది. రెండు ప్లేట్లు కలిపి బిగించి హోల్స్ వేస్తే పైకి బాగానే కనిపిస్తాయి, ఒకదాన్ని తిరగేసి పెడితే బోల్టు దూరదు. టేకు బల్ల కాళ్ల చివర హోల్ వేయడం మరీ కష్టం. అందుకే ఈసారి పిల్లర్ డ్రిల్లు, అంటే నిలువు ఇనుప స్తంభానికి బిగించి ఉండే డ్రిల్లు మెషిన్, కొనాల్సిందే అనుకున్నాను.

బల్ల మీద పెట్టే రకమా, నేల మీద నిలబడే రకమా అన్నది నా విషయంలో తొందరగానే తేలింది. చాలా మోడళ్లలో రెండిటికీ మోటారు, హెడ్డు (మోటారు ఉండే పైభాగం), చక్ (బిట్టును పట్టుకునే భాగం) ఒకటే. తేడా అంతా పిల్లర్ పొడవులోనే. నేల మీద నిలబడే దాంట్లో టేబుల్‌ని పక్కకు తిప్పేస్తే చక్‌కూ కింది బేస్‌కూ మధ్య మీటరు దాకా చోటు దొరుకుతుంది. 700 ఎంఎం బల్ల కాలు నిలబెట్టి పని చేయాలంటే ఆ చోటు కావాల్సిందే. బల్ల రకంలో హెడ్డును వెనక్కి తిప్పి, బల్ల అంచు బయట పని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. బేస్‌ను బోల్టులతో బిగించకుండా అలా చేస్తే మెషిన్ మొత్తం మీద పడుతుంది. నేనైతే ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

షాపుకు వెళ్తే మొదట అడిగేది "ఎన్ని ఎంఎం సార్?" అని. 13, 20, 25 అంటూ చెప్పే ఆ అంకె ఇనుములో వేయగల పెద్ద హోల్ సైజు. అది ఒక్కటే చూసి కొనకూడదని నాకు హైదరాబాద్ బాలానగర్‌లో జాబ్ వర్క్ చేసే ఒక పెద్దాయన వల్ల తెలిసింది. "హార్స్‌పవర్ తర్వాత చూద్దువుగానీ బాబూ, అన్నిటికన్నా తక్కువ స్పీడు ఎంతో ముందు అడుగు" అన్నాడాయన.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. మామూలు ఇనుము, అంటే మైల్డ్ స్టీల్‌లో హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్టు అంచు నిమిషానికి సుమారు 25 మీటర్ల వేగంతో కోయాలి. 25ను 1000తో హెచ్చించి, దాన్ని 3.14తోనూ బిట్టు వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) వస్తుంది. 3 ఎంఎం బిట్టుకు 2650, 10 ఎంఎంకు 800, 20 ఎంఎంకు 400. అదే 50 ఎంఎం హోల్ సా (గుండ్రటి రంపపు బిట్టు) పెడితే 160 మాత్రమే. రెండే పుల్లీలతో నడిచి, కింది స్పీడు 500 దగ్గరే ఆగిపోయే మెషిన్ మీద 20 అని రాసి ఉన్నా ఏం లాభం? పెద్ద బిట్టు వేడెక్కి నీలంగా మారుతుంది, పదును పోతుంది. మధ్యలో మూడో పుల్లీ ఉన్న మోడళ్లలో స్పీడు 200 లోపుకు దిగుతుంది. చెక్కపనికి పైస్పీడు 2000 దాటాలి. ఈ రెండు కొసలూ అందుకునే 20 ఎంఎం మెషిన్, ఎంటీ2 స్పిండిల్‌తో కావాలని తేల్చుకున్నాను. స్పిండిల్ అంటే చక్ ఎక్కే ఇరుసు, ఎంటీ2 అంటే దాని లోపల పైకి సన్నబడే రంధ్రం (మోర్స్ టేపర్) సైజు. ఎంటీ2లో 23 ఎంఎం దాకా టేపర్ షాంక్ (సన్నబడే తోక ఉన్న) బిట్టును చక్ లేకుండా నేరుగా ఎక్కించవచ్చు, బిట్టు జారిపోయే బాధ ఉండదు.

పాతవి కూడా చూశాను. ధర తక్కువే, ఇనుమూ బరువుగానే ఉంటుంది. కానీ స్పిండిల్‌ని పూర్తిగా కిందికి దించి చక్‌ని పట్టుకుని ఊపితే కటకటమన్నాయి. టేబుళ్ల నిండా బిట్టు గుంటలు. పైగా చాలావాటికి త్రీ ఫేజ్ మోటార్లు. మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. మోటారు మార్చి, బేరింగులు మార్చి కూర్చునే ఓపిక నాకు లేదు.

చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్తదే చూశాను. డయల్ గేజ్ (సన్న తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం), మాగ్నెట్ స్టాండు, నున్నటి 10 ఎంఎం డోవెల్ పిన్ను (గుండ్రటి ఉక్కు కడ్డీ) నా వెంట తీసుకెళ్లాను. షాపాయన మొదట కొంచెం చిరాకు పడ్డాడు గానీ కరెంటు లేకుండా చేత్తోనే తిప్పి చూస్తానంటే సరే అన్నాడు. పిన్నును చక్‌లో బిగించి, డయల్ మొనను దానికి ఆనించి పుల్లీని మెల్లగా తిప్పాను. ముల్లు 0.15 ఎంఎం ఊగింది. అంత ఊగితే చిన్న బిట్లు విరుగుతాయి, హోల్ సైజు పెరుగుతుంది. లోపం స్పిండిల్‌దా, చక్‌దా అన్నది తేలాలి. డ్రిఫ్ట్ (చక్ ఊడదీసే ఇనుప చీల) కొట్టి చక్ దించి, స్పిండిల్ లోపలి టేపర్‌ని గుడ్డతో తుడిచి, దానికే డయల్ ఆనించాను. తేడా 0.02 కూడా లేదు. అంటే స్పిండిల్ మంచిదే, చక్ బాగాలేదు. అది స్పిండిల్‌లోనే ఉండి ఉంటే ఆ మెషిన్‌ని అక్కడే వదిలేసేవాణ్ణి. చక్‌దే కాబట్టి ఇంకొకటి మార్చి ఇమ్మన్నాను. దానితో 0.05కు వచ్చింది. ఇంటి పనికి అది చాలు.

తర్వాత బిగువు, అంటే నొక్కితే మెషిన్ వంగకుండా ఉండటం. టేబుల్ మీద చెక్కముక్క పెట్టి, చక్‌లోని పిన్నును దాని మీద ఆనించి, టేబుల్ ముందు అంచు కింద డయల్ పెట్టి హ్యాండిల్‌ని బలంగా నొక్కాను. పక్కనే ఉన్న తేలిక మెషిన్‌లో టేబుల్ అంచు దాదాపు అర ఎంఎం కిందికి వంగింది. నేను చూస్తున్న దాంట్లో అందులో సగం కూడా లేదు. పిల్లర్ లావు చేసే మేలు ఇది. గొట్టం మందం అంతే ఉన్నా వ్యాసం 80 నుంచి 100 ఎంఎంకు పెరిగితే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. టేబుల్‌ని పైకీ కిందికీ జరపడానికి ర్యాక్ (పళ్ల పట్టీ), తిప్పే హ్యాండిల్ ఉన్నాయా అన్నది కూడా చూడాలి. లేకపోతే బిట్టు సైజు మారినప్పుడల్లా ఆ బరువును చేతులతో ఎత్తాలి, నడుము పట్టేస్తుంది.

ట్రాలీ ఆటోలో తెచ్చి, హమాలీల సాయంతో హెడ్డు, పిల్లర్ విడివిడిగా దింపి షెడ్డులో నిలబెట్టాం. బరువంతా పైనే ఉంటుంది కాబట్టి ఎంత పెద్ద మెషినైనా యాంకర్ బోల్టులతో కాంక్రీటుకు బిగించాల్సిందే.

కరెంటు విషయంలో మాత్రం ఖర్చుకు వెనకాడలేదు. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు లోడు మీద 7 ఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. దానికి వేరే వైరు లాగి 16 ఆంపియర్ల పాయింట్ పెట్టించాను. మెషిన్‌తో వచ్చింది మామూలు ఆన్ ఆఫ్ స్విచ్చు. డ్రిల్లు నడుస్తుండగా కరెంటు పోయి, మనం చక్ దగ్గర చెయ్యి పెట్టిన క్షణంలో తిరిగొస్తే మెషిన్ దానంతటదే తిరగడం మొదలెడుతుంది. అందుకని పుష్ బటన్ స్టార్టర్ పెట్టించాను. కరెంటు పోతే అది తెగిపోతుంది, పచ్చ బటన్ మళ్లీ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. మనవైపు కరెంటు తీరు తెలిసినవాళ్లు ఈ ఖర్చు తప్పకుండా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

వైస్ కూడా అదే రోజు కొనాలి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. బిట్టు ప్లేటును దాటుకుని కిందికి దిగే క్షణంలోనే ఎక్కువగా ఇరుక్కుంటుంది. అప్పుడు చేత్తో పట్టుకున్న ముక్క గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది. నేను టేబుల్ గాడిలో టీ బోల్టులతో వైస్ బిగిస్తున్నాను, వైస్‌లో పట్టని పొడుగు పట్టీలైతే పిల్లర్‌కు ఆనేలా పెడుతున్నాను, ఇరుక్కున్నా అక్కడే ఆగిపోతాయి. మా అబ్బాయి సెలవులకు వచ్చి "నేనూ వేస్తా నాన్నా" అన్నప్పుడు ముందు చేతికున్న గ్లౌజులు తీయించాను, చక్ కీ (చక్ బిగించే తాళం) బయటికి తీసి చూపించమన్నాను, ఆ తర్వాతే పచ్చ బటన్ నొక్కనిచ్చాను.