కొండ మీద మొదలైన చలి

టాంజానియాలోని మేరు కొండ మీద సాడిల్ హట్ అని ఒక మకాం ఉంది, 3,570 మీటర్ల ఎత్తులో. ఆ సాయంత్రం అక్కడి చెక్క మంచం మీద స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి, పైన ఇంకో రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఎత్తు పడలేదనుకున్నాను. తలనొప్పి, వికారం, అన్నం చూస్తేనే వెగటు, అన్నీ ఎత్తుకి వచ్చేవే కదా. గైడ్ కూడా అదే అన్నాడు. "దాదా, నీళ్ళు బాగా తాగు, తగ్గకపోతే దిగిపోదాం." స్వాహిలీలో దాదా అంటే అక్క.

మాది సికింద్రాబాద్. టాంజానియాలో ముహేజా దగ్గర ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పడానికి రెండేళ్ళకి వాలంటీరుగా వెళ్ళాను. సముద్రానికి దగ్గర, కిందపక్క ఊరు, ఉక్కగా ఉంటుంది. ఎటు చూసినా నారింజ చెట్లు, ఊరు దాటితే మైళ్ళకొద్దీ కిత్తనార తోటలు. పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ళు మోసుకోవడం, బొగ్గుల కుంపటి మీద టీ, తర్వాత ఎనభై మంది పిల్లలున్న క్లాసులో గొంతు చించుకోవడం, సాయంత్రం కరెంటు ఉంటే నోట్సులు దిద్దడం. దారిలో కనిపించిన ప్రతి పిల్లా "షికమో, మ్వాలిము" అంటూ దణ్ణం పెట్టినంత వినయంగా పలకరిస్తుంది. మ్వాలిము అంటే టీచరు. ఆ పిలుపు నాకు ఎంత అలవాటైపోయిందంటే సెలవుల్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే తిరిగి చూసేదాన్ని కాదు.

జూన్ సెలవుల్లో తోటి వాలంటీర్లతో కలిసి అరూషా వెళ్ళాను. కిలిమంజారో ఎక్కాలంటే అయ్యే ఖర్చు మాకిచ్చే అలవెన్స్‌తో అయ్యే పని కాదు, అందుకే మేరు. అదీ చిన్న కొండేం కాదు, 4,562 మీటర్లు. మొదటి రోజు గేటు దగ్గర్నుంచే తుపాకీ పట్టుకున్న రేంజర్ ముందు నడుస్తాడు, అడవి దున్నలుంటాయని. జిరాఫీలు దారి పక్కనే ఆకులు మేస్తూ మనల్ని చూస్తుంటాయి. చెట్లకి గడ్డాల్లా వేలాడే నాచు, పొగమంచు, "పోలే పోలే" అని గైడ్ మాట, అంటే మెల్లగా మెల్లగా అని. ఆ మొదటి రోజు నా జీవితంలో చాలా మంచి రోజు. మర్నాటి మధ్యాహ్నానికి నడుం, మోకాళ్ళు పీకడం మొదలైంది, మెట్లు ఎక్కినందుకే అనుకున్నాను.

అర్ధరాత్రి దాటాక శిఖరానికి బయల్దేరాం. గంట నడిచేసరికి రైనో పాయింట్ దగ్గర కాళ్ళు నావి కానట్టు అయిపోయాయి, రెండుసార్లు వాంతి చేసుకున్నాను. గైడ్ ఇంకేం మాట్లాడలేదు, నా బ్యాగు తన భుజాన వేసుకుని వెనక్కి తిప్పాడు. మిగతావాళ్ళు రేంజర్‌తో పైకి వెళ్ళారు. మేం ఆ రోజే 2,500 మీటర్ల దగ్గరున్న మిరియకాంబా హట్‌కి దిగేశాం. అక్కడ ఒళ్ళంతా చెమటలు పట్టి, తల తేలికపడి, గిన్నెడు సూపు తాగాను. దిగగానే తగ్గింది కాబట్టి ఎత్తు జబ్బే అని ఖాయం చేసుకున్నాం. మలేరియా జ్వరం అలా వచ్చి చెమటతో దిగి మళ్ళీ వస్తుందని తెలిసి కూడా ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఎత్తు జబ్బుకి మామూలుగా అంత జ్వరం రాదన్న మాట కూడా ఎవరికీ గుర్తు రాలేదు, కొండ మీద ఎవరి దగ్గరా థర్మామీటర్ లేదు.

మరో రోజు వృథాగా పోయింది. తర్వాత పారాసెటమాల్ మింగుతూ పొద్దున బస్సెక్కితే ముహేజా చేరేసరికి సాయంత్రం అయింది. కోరోగ్వే దాటాక చలి మళ్ళీ పట్టుకుంది. కిటికీలోంచి ఎండ ముఖం మీద కొడుతున్నా వణుకు ఆగలేదు. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ తన కాంగా గుడ్డ తీసి నాకు కప్పి, నా చెయ్యి పట్టుకుని, "మలేరియా" అంది. ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

డిస్పెన్సరీలో వేలు పొడిచి ఒక చుక్క రక్తం ప్లాస్టిక్ పట్టీ మీద వేసి, దాని మీద రెండు మూడు చుక్కల మందు పోసి, పదిహేను నిమిషాలు ఆగమన్నారు. బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన పాత బిల్డింగ్ పక్కగా చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది మా ఊళ్ళోనే. ఆ బెంచీ మీద కూర్చుంటే అదే గుర్తొచ్చింది. ఎదుటి బెంచీ మీద ఒకమ్మ ఒళ్ళో మూడేళ్ళ పాప, మెడ నిలవడం లేదు. నర్సు నన్ను వదిలేసి ఆ పాపని ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది, ఇంజెక్షన్ ఇచ్చి జిల్లా ఆసుపత్రికి పంపించారు. అక్కడి పెద్దవాళ్ళకి చిన్నప్పటి నుంచీ వచ్చి వచ్చి కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, పసిపిల్లలకి ఉండదు, నాలాంటి బయటివాళ్ళకీ ఉండదు. నర్సు తిరిగొచ్చేసరికి నా పట్టీ మీద రెండో ఎర్ర గీత వచ్చేసింది, అంటే మలేరియా ఉన్నట్టే. ఫాల్సిపారం, మలేరియాల్లో ప్రాణం మీదికి తెచ్చే రకం. ఇంకో రెండు రోజులు కొండ జబ్బే అనుకుని పడుకుని ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

మందుని అక్కడ మ్సేటో అంటారు, రెండు మందులు కలిపిన బిళ్ళ. పూటకి నాలుగు చొప్పున మూడు రోజుల్లో ఇరవై నాలుగు. కొవ్వున్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుందని, పాలతో మింగమని నర్సు రెండుసార్లు చెప్పింది. నాకు పాలు ఎవరు తెస్తారు? మా ఇంటి ఓనరు, ఊరంతా "మామా" అని పిలుస్తారు, వాళ్ళ భాషలో అమ్మ అని. ఆవిడే తెచ్చింది. తెల్లవారుజామున నాలుగింటి డోసుకి కూడా లాంతరు పట్టుకుని గ్లాసుతో వచ్చింది. రెండో రోజు మగ్గులో గోధుమరంగు జావ ఇచ్చింది, ఉజీ అంటారు, ఒక గుక్క తాగగానే ఏడుపొచ్చేసింది. అది రాగి జావ. అచ్చం అమ్మమ్మ కాచినట్టే. రాగులు అసలు తూర్పు ఆఫ్రికా నుంచే మన దేశానికి వచ్చాయట, నాకు అప్పటిదాకా తెలీదు. నేనెందుకు ఏడుస్తున్నానో మామాకి అర్థం కాలేదు, వీపు నిమురుతూ "పోలే సానా, మ్వాలిము" అంటూ ఉంది. కొండ మీద మెల్లగా అన్న ఆ పోలే, ఇక్కడ అయ్యో పాపం అని.

జ్వరం మూడో రోజుకి పోయింది. నీరసం మాత్రం నెలన్నర వదల్లేదు. స్కూలు తెరిచాక బోర్డు మీద ఒక లెక్క చేసేసరికి చెయ్యి వణికి కుర్చీలో కూర్చునేదాన్ని, ఫారం టూ పిల్లలే వచ్చి మిగతాది రాసేవాళ్ళు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "గొంతేంటమ్మా అలా ఉంది, తింటున్నావా?" అనేది. జలుబన్నాను. అలా అబద్ధమాడినందుకు ఇప్పటికీ బాధే.

ఇదంతా ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మలేరియా రాకుండా రోజూ వేసుకోవాల్సిన డాక్సీసైక్లిన్ మాత్ర కడుపులో మంట పెడుతోందని ఏప్రిల్‌లో మానేశాను. సరిగ్గా పెద్ద వానలప్పుడు. ఖాళీ కడుపున వేసుకుంటే మండుతుందని, భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకూడదని నర్సు చెప్తే అప్పుడు తెలిసింది. దోమతెరకి కాళ్ళవైపు రెండు వేళ్ళు పట్టే చిరుగు ఉంది, దానికి ముడి వేసి ఊరుకున్నాను. మామా ఆ ముడి విప్పి నీలం దారంతో దగ్గరగా కుట్టింది. ఆ పాప బతికిందా అని నర్సుని అడిగాను, ఇంటికి వచ్చేసిందని చెప్పింది.

అప్పటినుంచి నా రాత్రి భోజనం మామా వాళ్ళింట్లోనే. ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, ఆకుకూర, చిక్కుళ్ళు. తినడం అయ్యాక నేను మాత్ర నోట్లో వేసుకుని గ్లాసు ఖాళీ చేసేదాకా ఆవిడ పీట మీంచి లేచేది కాదు.