శాలిహుండం కొండపై మూడు వరుసల పనోరమా

శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండపై నిలబడితే ముందు బౌద్ధ స్తూపాల ఇటుకలు, దిగువన వంశధార, పైన అడ్డులేని ఆకాశం ఒకేసారి కంటికి అందుతాయి. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన ఈ చోటును వైడ్ లెన్సుతో ఒక్క ఫోటోలో ఇరికిస్తే నది సన్నని గీతగా మారిపోతుంది. అందుకే ఇక్కడ నేను 50 ఎంఎం లెన్సుతో, కెమెరాను నిలువుగా బిగించి, మూడు వరుసల్లో ఫోటోలు తీసి, వాటిని అతికి ఒకే విశాల దృశ్యంగా, అంటే పనోరమాగా చేస్తాను.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై (36×24 ఎంఎం సెన్సరున్నది) నిలువుగా పెట్టిన ఆ లెన్సు అడ్డంగా సుమారు 27 డిగ్రీలు, ఎత్తులో 40 డిగ్రీలు చూస్తుంది. పక్కపక్క ఫోటోలు 30 శాతం కలవాలంటే అడ్డంగా 19 డిగ్రీలకొకసారి జరపాలి; వరుసకు ఆరు చొప్పున 18 ఫోటోలతో 120 డిగ్రీల దృశ్యం పూర్తవుతుంది. ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్సు (రంగుల సమతూకం) మొదటి నుంచి చివరి దాకా మార్చకూడదు. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టరు తీసేయాలి, లేకుంటే ఆకాశం ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా వస్తుంది.

మధ్య వరుస సులువుగానే అతుకుతుంది. కింది వరుసలో ఇటుకలు మరీ దగ్గరగా ఉంటాయి గనుక, కెమెరా లెన్సులోని ఎంట్రన్స్ ప్యూపిల్ (ముందు నుంచి చూస్తే లెన్సులో కనిపించే కాంతిరంధ్రం) చుట్టూ తిరగకపోతే పారలాక్స్ వచ్చి, అంటే దగ్గరి వస్తువులు దూరపు వాటి ముందు జరిగినట్టు కనిపించి, ఇటుకల వరసలు అతుకు దగ్గర తెగిపోతాయి. ఒకే వరుసకైతే కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే సాదా రైలు పట్టీ చాలు. పైకీ కిందికీ వంచినప్పుడు కూడా ఆ బిందువు కదలకూడదంటే ట్రైపాడ్‌పై బిగించే, అడ్డంగానూ నిలువుగానూ తిరిగే రెండు ఇరుసుల పనోరమా హెడ్ కావాలి. ఆ బిందువును ఇంటి పెరట్లోనే పట్టుకోవచ్చు: దగ్గర పాతిన కర్రను దూరపు తాటిచెట్టుకు సూటిగా పెట్టి, కెమెరాను అటూ ఇటూ తిప్పినా ఫ్రేము అంచుల్లో అవి రెండూ ఒకదాన్నొకటి వీడకుండా నిలిచేదాకా కెమెరాను రైలుపై ముందుకో వెనక్కో సర్దాలి.

పై వరుస చిక్కు వేరు. ఫోటోలను అతికే హ్యూగిన్ వంటి సాఫ్ట్‌వేర్ రెండు ఫోటోల్లోనూ ఉన్న వివరాలపై కంట్రోల్ పాయింట్లు, అంటే వాటిని జతచేసే గుర్తులు, పెడుతుంది. నీలాకాశంలో అలాంటివి దొరకవు, కదిలే మబ్బులపై పెట్టినవి తప్పుదారి పట్టిస్తాయి. ఎత్తులోనూ 30 శాతం కలిసేలా లెక్కవేస్తే 28 డిగ్రీలు ఎత్తాలి గానీ, నేను 18 డిగ్రీలే ఎత్తుతాను. అప్పుడు ఫ్రేము అడుగున దిగంతరేఖ, తాటితలలు పడి పాయింట్లకు పట్టు దొరుకుతుంది. కొంత ఆకాశం పోయినా అది నాకు సమ్మతమే. మబ్బుల మీది పాయింట్లను మాత్రం చేత్తో తీసేయాలి.

చివర ప్రొజెక్షన్, అంటే అతికిన దృశ్యాన్ని చదునైన బొమ్మగా పరిచే పద్ధతి. ఇంత వెడల్పుకు రెక్టిలీనియర్ (సరళరేఖలను సరళంగానే ఉంచేది) అంచులను విపరీతంగా సాగదీస్తుంది గనుక సిలిండ్రికల్ (దృశ్యాన్ని గొట్టం లోపలి గోడపై చుట్టి విప్పినట్టు పరిచేది) ఎంచుకుంటాను. ఇటుకల అడ్డవరసలు కాస్త వంగినా నది తన కొలతలోనే నిలుస్తుంది.