ఇస్త్రీ పెట్టె నుంచి ఫ్యూజర్ దాకా

ఇంట్లో సర్క్యూట్ బోర్డులు చేసుకునే వాళ్ళ కథ చాలావరకు ఇస్త్రీ పెట్టెతోనే మొదలవుతుంది. నాదీ అంతే. నున్నటి కాగితం మీద సర్క్యూట్ గీతల లేజర్ ప్రింట్ తీసి, రాగి బోర్డు మీద బోర్లించి ఇస్త్రీ చేసేవాణ్ణి. టోనరంటే సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి రాగికి అతుక్కుంటుంది, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేసినప్పుడు కిందున్న రాగిని కాపాడుతుంది. మధ్యలో బాగానే వచ్చేది కానీ మూలల్లో గీతలు తెగిపోయేవి. చేత్తో ఎంత నొక్కినా ఒత్తిడి అంతటా ఒకేలా పడదు.

అటక మీద పాత లేజర్ ప్రింటర్ ఒకటి ఉంది. బోర్డునే అందులో దూర్చి టోనరు నేరుగా రాగి మీద పడేలా చేద్దామనుకున్నాను. రెండు ఆదివారాలు పోయాయి. 1.6 మిల్లీమీటర్ల బోర్డు వంగదు, కాగితం వెళ్ళే దారేమో వంకర. ప్లాస్టిక్ కోసి దారి తిన్నగా చేస్తే, సెన్సర్ 'పేపర్ జామ్' అని ఆపేసింది. దాన్నీ ఏమార్చాక తెలిసింది అసలు చిక్కు. టోనరును, బొమ్మ ఏర్పడే డ్రమ్ మీంచి కాగితం మీదికి లాగేది కింది రోలర్‌కిచ్చే హై వోల్టేజ్. రాగి మీద ఆ చార్జి నిలవలేదు. చివరికి బోర్డు మీద మిగిలింది బూడిద రంగు మసక.

సరే, టోనరును వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ ఒక్కటైనా పనికొస్తుందని విప్పాను. అందులో వేడి రోలర్ బదులు పల్చటి ఫిల్మ్ గొట్టం ఉంది. బోర్డు అంచు తగిలి మొదటిసారికే చిరిగింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక రిపేర్ షాపుకి వెళ్ళి, లోపల హాలోజెన్ దీపం, బయట గట్టి అల్యూమినియం రోలర్ ఉన్న పాత ఫ్యూజర్ అడిగాను.

"ప్రింటర్ ఏ మోడల్ భయ్యా?"

"ప్రింటర్ లేదన్నా, ఇదొక్కటే చాలు."

అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, తుక్కులోంచి తీసిచ్చాడు.

కోఠి గుజరాతీ గల్లీలో రోలర్ తిప్పడానికి నిమిషానికి 10 చుట్లు తిరిగే గేర్ మోటారు, దీపాన్ని ఆన్-ఆఫ్ చేయడానికి సాలిడ్ స్టేట్ రిలే తెచ్చాను. ఫ్యూజర్‌లో వేడిని కొలిచే థర్మిస్టర్‌ని ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపి, 180 డిగ్రీల దగ్గర నిలబెట్టాను. దీపానికి 230 వోల్టులు నేరుగా వెళ్తాయి కాబట్టి వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్‌ని ముట్టుకోలేదు, బాడీకి ఎర్త్ ఇచ్చాను. అయినా మొదటిసారి స్విచ్ వేస్తున్నప్పుడు టెన్షనే.

ఈసారి బోర్డు అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాను. ప్రింట్ కాగితం దాని మీద బోర్లించి ఒక్కసారి పంపితే టోనరు అంటలేదు, వేడంతా రాగి లాగేసుకుంటోంది. ఆరుసార్లు తిప్పాక నీళ్ళలో పడేసి, పావుగంట ఆగి బొటనవేలితో మెల్లగా రుద్దితే కాగితం పేడులుగా ఊడివచ్చింది. మూలల్లో కూడా గీతలు నల్లగా, నిండుగా ఉన్నాయి.

ఫెర్రిక్ క్లోరైడ్ ప్లాస్టిక్ ట్రేలో పోసి, ఆ ట్రేని వేడినీళ్ళ బకెట్‌లో తేల్చాను. స్టీలు గిన్నెనైతే అది తినేస్తుంది. నా చొక్కా మీద పడ్డ పసుపు మరక ఇంకా పోలేదు, అమ్మ తిట్లూ ఆగలేదు.

సంబరంగా ఎల్ఎం317 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ పెడితే కాళ్ళు తిరగబడ్డాయి! ఎవరో చెప్పారని ప్రింట్ తీసేటప్పుడు బొమ్మని మిర్రర్ చేశాను, అంటే అద్దంలోలా తిప్పాను. బోర్డు కింది వైపు రాగి పొరని డిజైన్‌లో పైనుంచి చూసినట్టే గీస్తాం కాబట్టి దానికి మిర్రర్ అక్కర్లేదు, కాగితం బోర్లించినప్పుడు బొమ్మ తనే తిరుగుతుంది. ఇప్పుడు ప్రతి బోర్డు మూలనా నా పేరు పెడుతున్నాను. కాగితం మీద అది తిరగబడి కనిపిస్తేనే ఫ్యూజర్ స్విచ్ వేస్తాను.